ఆక్సిజన్ వరసలో ఆఖరు

అమ్మాయ్,

కందుకూరులో ఇంటరు పిల్లలకి ట్యూషన్ పెడుతున్నావనీ, మొదటి పాఠమే ఆక్సీకరణ సంఖ్యలనీ, అంటే సమ్మేళనంలో ఒక్కో పరమాణువు ఎన్ని ఎలక్ట్రాన్లు ఇచ్చినట్టో (+), పుచ్చుకున్నట్టో (−) చెప్పే లెక్కనీ, మీ అమ్మ చెప్పింది. సంతోషం. గుబులు కూడా. చిన్నప్పటి నుంచీ నీకు తొందర ఎక్కువ.

తేలికైనవి సాగదీయబాకు. విడి మూలకానికి సున్నా, ఒంటరి అయానుకి దాని ఆవేశమే. సమ్మేళనంలో మొత్తం కలిపితే సున్నా, బహుపరమాణు అయానులో దాని ఆవేశం. పొటాషియం పర్మాంగనేట్‌లో పొటాషియం +1, నాలుగు ఆక్సిజన్లు −8, కాబట్టి మాంగనీస్ +7. డైక్రోమేట్‌లో రెండు క్రోమియంలకి కలిపి 12 వచ్చాక రెండుతో భాగించడం మరిచిపోతారు, ఒక మాట చెప్పి వదిలెయ్.

పిల్లలు బోల్తా పడేది ఆక్సిజన్ కనబడగానే −2 వేసేయడంలో. హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో రెండు హైడ్రోజన్లు, రెండు ఆక్సిజన్లు; అట్టా వేస్తే ఒక్కో హైడ్రోజన్‌కి +2 వస్తుంది. దానికున్నదే ఒక ఎలక్ట్రాన్, రెండోది ఎక్కడ తెస్తుంది? మినహాయింపుల పట్టిక బట్టీ పట్టించబాకు, వరస నేర్పు. ముందు ఫ్లోరిన్: సమ్మేళనంలో ఎప్పుడూ −1, కనిగిరి బోరునీళ్ళ ఫ్లోరైడ్ కూడా అంతే. తర్వాత సోడియం, పొటాషియం వర్గానికి +1, కాల్షియం, బేరియం వర్గానికి +2. ఆ తర్వాత హైడ్రోజన్ +1. దాని కింద ఆక్సిజన్ −2. లెక్క పొసగకపోతే వరసలో కింద ఉన్నదే సర్దుకోవాలి. సోడియం హైడ్రైడ్‌లో అందుకే హైడ్రోజన్ −1. పొటాషియం సూపరాక్సైడ్‌లో రెండు ఆక్సిజన్లకి తలా −½. ఆక్సిజన్ డైఫ్లోరైడ్‌లో ఏకంగా +2. బేరియం పెరాక్సైడ్, మాంగనీస్ డయాక్సైడ్ పక్కపక్కన రాయించు. రెండింట్లోనూ ఒక లోహానికి రెండు ఆక్సిజన్లే. బేరియం +2 దాటదు, కాబట్టి అక్కడ ఆక్సిజన్ −1. మాంగనీస్‌కి ఆ కట్టు లేదు, అది +4.

ఈ వరస కూడా చేయిచ్చేది క్రోమియం పెంటాక్సైడ్ దగ్గర. ఐదు ఆక్సిజన్లకీ −2 వేస్తే క్రోమియంకి +10 తేలుతుంది, దానికి ఇవ్వడానికి ఉన్న ఎలక్ట్రాన్లు ఆరే. అక్కడ బొమ్మ గీయాల్సిందే: జంటబంధంతో ఉన్న ఆక్సిజన్ ఒకటి −2, మిగతా నాలుగూ రెండు పెరాక్సైడ్ జతలు (ఒకదాన్నొకటి పట్టుకున్న ఆక్సిజన్లు), తలా −1. క్రోమియం +6. జవాబు రాగానే బయటి ఎలక్ట్రాన్లతో సరిచూసుకోవడం మొదటి రోజే అలవాటు చెయ్. ఇది చెప్పకపోతే మాత్రం నీ మీద కోపమొస్తుంది నాకు.

రొయ్యల గుంటలున్న ఇళ్ళ పిల్లలుంటే అమ్మోనియా, నైట్రైట్ టెస్టులు వాళ్ళకి తెలిసినవే. అమ్మోనియాలో నైట్రోజన్ −3, నైట్రైట్‌లో +3, నైట్రేట్‌లో +5. గుంటలో బాక్టీరియా ఎక్కించే మెట్లు ఇవేనని చెప్తే ఇట్టే పట్టుకుంటారు.

భిన్నం వచ్చిందని ఏ పిల్లోడి జవాబూ కొట్టేయబాకు. ఒంగోలు పక్కన కొణిజేడు కొండల్లో దొరికే మాగ్నటైట్‌లో మూడు ఇనుములు, నాలుగు ఆక్సిజన్లు. ఇనుముకి సగటు +8/3. లోపల ఒకటి +2, రెండు +3.

ఆ క్రోమియం బొమ్మ బోర్డు మీద గీసే ముందు కాగితం మీద గీసి ఫోటో పంపు, చూసి చెప్తా. గొంతు జాగ్రత్త తల్లీ.

ఇట్లు,
మీ మామయ్య