ఫీజు కట్టే ముందు అమ్మడికి

పర్లాకిమిడి

చిరంజీవి అమ్మడికి పెదమావయ్య ఆశీస్సులు.

బోటనీ ఎమ్మెస్సీకి ఇక్కడి బరంపురం యూనివర్సిటీలోనూ, దూరాన ఒక ప్రైవేటు యూనివర్సిటీలోనూ రెండు చోట్లా సీటొచ్చిందని మీ అమ్మ చెబితే కడుపు నిండిపోయింది. మర్నాడే మీ నాన్న ఫోన్ చేసి, ర్యాంకు బాగుందని దూరాన ఉన్న ప్రైవేటు యూనివర్సిటీకే పంపుతానని, అందుకు పొలం తాకట్టు పెడతానని అన్నాడు. అప్పట్నుంచి నాకు నిద్ర సరిగ్గా లేదు. ఆ కాగితాల మీద సంతకం పడేలోగా ఇది చదువు, నాన్నకీ చదివి వినిపించు.

కాలేజీలకీ యూనివర్సిటీలకీ కేంద్రం ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకులు 2016లో మొదలయ్యాయి. యూనివర్సిటీకి వంద మార్కుల్లో బోధనకీ వనరులకీ 30, పరిశోధనకి 30, చదువు ముగించినవాళ్ళ ఫలితాలకి 20, అన్ని రకాల పిల్లలకీ చోటిచ్చినందుకు 10, నలుగురిలో పేరుకి 10. ఆ మొదటి ముప్పైలోనే ఒక్కో విద్యార్థి మీద ఎంత ఖర్చుపెట్టారన్న లెక్కా ఉంది. అంటే ఖర్చుపెట్టగలిగినందుకే కొన్ని మార్కులు. ఆ ఖర్చు నీ ల్యాబ్‌లో మైక్రోస్కోపు అయిందో, వేరే విభాగంలో కంప్యూటర్లు అయిందో ర్యాంకు చూస్తే తెలీదు.

ర్యాంకు వెంట మళ్ళీ డబ్బు నడుస్తుంది. 2017లో కేంద్రం, కొన్ని సంస్థల్ని ప్రపంచస్థాయికి తేవాలని ఇన్‌స్టిట్యూషన్స్ ఆఫ్ ఎమినెన్స్ పథకం పెట్టి, ఎంపికైన ప్రభుత్వ సంస్థకి 1000 కోట్ల దాకా ఇస్తామంది. నడుస్తున్న సంస్థ దరఖాస్తు చేయాలంటే ఎన్‌ఐఆర్‌ఎఫ్‌లో తన వర్గంలో మొదటి 50లోనో, ప్రపంచ ర్యాంకుల్లో మొదటి 500లోనో ఉండాలన్నారు. పోస్టులు ఖాళీగా పెట్టుకుని గెస్టు లెక్చరర్లతో నెట్టుకొచ్చే రాష్ట్ర యూనివర్సిటీ అక్కడిదాకా ఎప్పుడు చేరాలి? నిండిన చెరువులోకే కాలవ తవ్వడం నాకు అన్యాయంగానే తోస్తుంది.

గిడుగు రామమూర్తి పంతులుగారు మన ఊళ్ళోనే పాఠాలు చెప్పుకుంటూ సవర గిరిజనుల భాష నేర్చుకున్నారు. దశాబ్దాల శ్రమ తర్వాత, 1931లో గానీ ఆయన సవర వ్యాకరణం అచ్చుకాలేదు. ఏడాదికెన్ని పేపర్లు అని లెక్కపెట్టే పద్ధతిలో ఆయన ఎన్నేళ్ళు సున్నాగా కనిపించి ఉండేవారో ఆలోచించు.

ఇంకోటి. ర్యాంకుకి కావలసిన అంకెల్లో చాలావాటిని సంస్థలే నింపి పంపుతాయి. నేను పనిచేసిన ఒకచోట, వారానికి రెండు క్లాసులు చెప్పిపోయే ఆయన్ని పూర్తికాలపు అధ్యాపకుడిగా రాయమన్నారు. నేను రాయనన్నాను. వేరేవాళ్ళు రాశారు. ఇప్పటికీ ఆ బాధ పోలేదు.

అలా పంపిన వివరాలు ఆ రెండు యూనివర్సిటీల వెబ్‌సైట్లలోనూ ఉంటాయి. తీసి చూడు. బోటనీ అధ్యాపకులు ఎవరో కనుక్కుని, అక్కడి అధ్యాపకుల పట్టికలో వాళ్ళు ఎప్పుడు చేరారో చూడు. ఏడాది తిరక్కుండా వెళ్ళిపోయినవాళ్ళు ఎక్కువైతే నీ ప్రాజెక్టుకి గైడు మధ్యలో మారిపోతాడు. చదువయ్యాక ఉద్యోగాలొచ్చినవాళ్ళ జీతాల దగ్గర మధ్యస్థం, అంటే జీతాలన్నీ వరసగా పేరిస్తే నడిమధ్యన ఉండే అంకె చూడు, ప్రకటనల్లో వేసే అత్యధికం కాదు. ఎంతమందికి ఉద్యోగం వస్తే ఆ మధ్యస్థం వచ్చిందో కూడా చూడు. తర్వాత అక్కడ రెండో ఏడు చదువుతున్న పిల్లలకి ఫోన్ చేసి, వారానికి ప్రాక్టికల్స్ నిజంగా ఎన్ని జరుగుతున్నాయి, ఎండబెట్టిన మొక్కల నమూనాలు దాచే హెర్బేరియంలోకి పిల్లల్ని రానిస్తారా, ఫీల్డుకి తీసుకెళ్తారా అని అడుగు. మహేంద్రగిరి కొండ పక్కన పెట్టుకుని మొక్కల చదువు గదిలోనే చెబితే అదేం చదువమ్మా!

బుధవారం పొద్దున్న బస్సుకి నేను బరంపురం వస్తాను. ఇద్దరం బరంపురం యూనివర్సిటీ ఉన్న భంజవిహార్ వెళ్ళి బోటనీ డిపార్ట్‌మెంటు చూసి, అక్కడి పిల్లలతో మాట్లాడదాం. ఆ ప్రైవేటు యూనివర్సిటీలో ఫీజు కట్టడానికి ఆఖరి తేదీ ఎప్పుడో కనుక్కుని ఉంచు. అందాకా పొలం కాగితాలు బీరువాలోనే ఉంచమని నాన్నతో నా మాటగా చెప్పు.

మీ పెదమావయ్య