కీ మూసి లెక్క చేయండి

ప్రశ్న: నేను శ్రీకాకుళంలో బి.ఎస్సీ. మొదటి సంవత్సరం చదువుతున్నాను. స్టాటిస్టిక్స్ సెమిస్టర్ పరీక్షకు మూడు వారాలే గడువుంది. పాత ప్రశ్నపత్రాల జవాబులు చదివితే అన్నీ అర్థమవుతున్నాయి గానీ, ఇంటర్నల్ పరీక్షలో ఒక్క లెక్కా మొదలుపెట్టలేకపోయాను. ఎలా సిద్ధం కావాలి?

జవాబు: మీరు కష్టపడటం లేదని నేను అనుకోను. అయితే, ఇతరులు చేసిన లెక్కను చదివేటప్పుడు ఏ సూత్రం వాడాలన్న నిర్ణయం అప్పటికే జరిగిపోయి ఉంటుంది. పరీక్ష మిమ్మల్ని అడిగేది ఆ నిర్ణయాన్నే.

ఒక లెక్క చూడండి. పలాసలో ఒక వ్యాపారికి వచ్చే జీడిపప్పులో 60 శాతం మొదటి మిల్లుది, 40 శాతం రెండో మిల్లుది. మొదటిదాని పప్పులో 5 శాతం, రెండోదాని పప్పులో 10 శాతం విరిగి ఉంటాయి. చేతికి విరిగిన పప్పు వచ్చింది. అది రెండో మిల్లుదయ్యే సంభావ్యత ఎంత? చాలామంది 0.10 అని రాసేస్తారు. అది రెండో మిల్లు పప్పు విరిగి ఉండే సంభావ్యత. ప్రశ్న దాన్ని తిరగేసి అడుగుతోంది. మొత్తం 1000 పప్పులనుకుంటే 600లో 30, 400లో 40 విరిగినవి. అంటే 70లో 40, సుమారు 0.57. బేయీ సిద్ధాంతం చేసే పని ఇదే. పరీక్షలో సూత్రాన్ని కూడా తప్పక రాయండి, కానీ సూత్రం తడబడినప్పుడు ఈ వెయ్యి పప్పులు మిమ్మల్ని గట్టెక్కిస్తాయి.

అన్ని యూనిట్ల లెక్కలనూ చిన్న చీటీల మీద రాసి కలిపేయండి. ఒకే అధ్యాయం లెక్కలు వరుసగా చేస్తే, ఏ పద్ధతి వాడాలో అధ్యాయం పేరే చెప్పేస్తుంది. చీటీ తీసి, కీ మూసి, పది నిమిషాలు ప్రయత్నించండి. అప్పటికీ కదలకపోతే జవాబులో మొదటి వరుస మాత్రమే చూసి మళ్లీ మూయండి. తప్పిన లెక్కను రెండు రోజుల తరువాత తిరిగి చేయండి.

తప్పులకు వేరే నోటుపుస్తకం పెట్టి, అందులో కారణం రాయండి. ఉదాహరణకు: "36 బస్తాల సగటు గురించి అడిగితే ప్రామాణిక విచలనం 6ను అలాగే వాడాను, 36 వర్గమూలంతో భాగించి 1 తీసుకోవాలి." ఇటువంటి పది వాక్యాలు చదివిన వంద పేజీలకంటే ఎక్కువ ఉపయోగపడతాయని నా అనుభవం.

నిర్వచనాలకు రోజుకు అరగంట చాలు. నార్మల్ వక్రం కింది వైశాల్యాన్ని చూపే పట్టికల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం: z విలువ 1.96 దగ్గర కొన్ని పట్టికలు 0.4750, మరికొన్ని 0.9750 చూపుతాయి, ఎందుకంటే మొదటివి సున్నా నుంచి, రెండోవి ఎడమ కొస నుంచి వైశాల్యాన్ని కొలుస్తాయి. పరీక్షలో మీకిచ్చే పట్టిక ఏదో మీ అధ్యాపకులను అడిగి, ఇంట్లోనూ దానినే వాడండి.

డిగ్రీలో స్టాటిస్టిక్స్ ఒక సబ్జెక్టుగా చదివినవారికి యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్ పరీక్ష రాసే అర్హత ఉంటుంది కనుక, ఈ పునాదిని మార్కులకోసం మాత్రమే వేసుకోవద్దని కోరుతున్నాను. చివరి వారంలో మూడు పాత ప్రశ్నపత్రాలను, పరీక్షకిచ్చినంత సమయమే పెట్టుకుని, మధ్యలో లేవకుండా రాయండి.