ఎన్నారై సందేహాలు: అమ్మ పంపే మొటిమల ట్యూబు తెప్పించుకోవచ్చా?

సందేహం: మాది గుంటూరు. ఆగస్టులో ఎమ్మెస్ చదవడానికి ఒహాయో వచ్చాను. రెండు నెలలు తిరక్కుండానే ముఖం నిండా మొటిమలు. ఇంటి దగ్గర మందుల షాపులో ఇచ్చిన క్రీము రాసుకుంటే తగ్గుతున్నాయి, మానేస్తే ముందుకంటే ఎక్కువగా వస్తున్నాయి. ఉన్న ట్యూబు అయిపోవచ్చింది. సంక్రాంతి తరువాత వచ్చే బంధువులతో మరో నాలుగు పంపిస్తానని అమ్మ అంటోంది. ఇక్కడ డాక్టరు దగ్గరికి వెళ్తే ఎంత వేస్తారోనని భయం. ఏం చేయమంటారు?

జవాబు: తెప్పించుకోవద్దమ్మా. అమ్మగారికి ఈ రోజే ఫోను చేసి ఆ ట్యూబులు కొనవద్దని చెప్పు. నువ్వు అంటున్నానని ఏమీ అనుకోకు, మా ఆఖరి చెల్లెలికంటే చాలా చిన్నదానివి.

రాసుకుంటే తగ్గడం, మానేస్తే రెట్టింపు కావడం అన్న నీ మాట చదవగానే నాకు నా మొదటి చలికాలం గుర్తుకొచ్చింది. 2010 ఆగస్టులో ఏలూరు నుంచి మిషిగన్ వచ్చాను, డెట్రాయిట్ పక్కనే. సూట్‌కేసులో కందిపొడికీ గోంగూర పచ్చడికీ మధ్య అలాంటి ట్యూబులే ఆరు సర్దుకున్నాను. మా వీధి చివర మందుల షాపులో డాక్టరు చీటీ అడగకుండా ఇచ్చారు. ఇంటర్ నుంచీ అదే వాడాను. ముఖం నున్నగా, కాస్త తెల్లగా కూడా ఉండేది కాబట్టి ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు.

అక్టోబరు చివరికి ఆరో ట్యూబుకు వచ్చాను. దాని తోకను హెయిర్‌పిన్నుతో చుట్టుకుంటూ పోయాను. ఇక రాదనుకున్న రోజున కత్తెరతో అడ్డంగా కోసి, లోపల గోడలకు అంటుకున్నది వేలితో తీసి రాసుకున్నాను. అది కూడా అయిపోయాక వారం తిరిగేసరికి బుగ్గల మీద, గడ్డం చుట్టూ ఎర్రగా గుత్తులు గుత్తులుగా లేచాయి. పొయ్యి ముందు నిలబడి పోపు వేస్తుంటే ముఖం మండేది. చెవి పక్కనుంచి దవడ దాకా సన్నని నూగు పెరిగింది. ఆదివారం అమ్మతో వీడియోలో మాట్లాడేటప్పుడు కెమెరా పాడైందని చెప్పి మూడు నెలలు ముఖం చూపించలేదు.

ఆ మూడు నెలల్లో ఎంత డబ్బు పోగొట్టుకున్నానో చెబుతాను. ఈ జవాబంతా అందుకోసమే రాస్తున్నాను.

మొదట షాపింగ్ మాల్‌కు వెళ్లాను. అద్దాల కౌంటరు దగ్గర ఒక అమ్మాయి నా చేయి పట్టుకుని ఏదో నురగ రాసి, అయిదు సీసాల పెట్టె చేతిలో పెట్టింది. అంతసేపు నాకోసం శ్రమపడిన మనిషికి వద్దని చెప్పలేకపోయాను. 165 డాలర్లు. అప్పట్లో డాలరుకు 46 రూపాయలు, అంటే ఏడున్నర వేలు. అందులో సగం సీసాల్లో సువాసన తప్ప మరేమీ లేదు, మిగతా సగం నా మంటను పెంచాయి. తెరిచిన సరుకు వెనక్కి ఇవ్వవచ్చని కూడా నాకు అప్పుడు తెలియదు. ఇక్కడ చాలా షాపులు రశీదు చూపిస్తే తెరిచిన క్రీమును కూడా తీసుకుంటాయి. రశీదులు పారేయకు.

తరువాత మా అపార్ట్‌మెంటుకు దగ్గరలో ఉన్న ఒక క్లినిక్కుకు వెళ్లాను. ఇన్సూరెన్సు కార్డు చూపించాను, వాళ్లు నవ్వుతూ తీసుకున్నారు. ఇక ఖర్చు లేదనే అనుకున్నాను. మూడు వారాల తరువాత పోస్టులో 240 డాలర్ల బిల్లు వచ్చింది. డిడక్టిబుల్ అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది: ఏటా ఇంత మొత్తం మన జేబులోంచి పెట్టుకున్నాకే ఇన్సూరెన్సు కంపెనీ తన వాటా మొదలుపెడుతుంది. ఆ 240ని 46తో హెచ్చించి చూసుకుంటే పదకొండు వేలు దాటింది. ఏడు లక్షల విద్యారుణానికి నాన్నగారు నెలనెలా కడుతున్న వడ్డీకి దాదాపు రెట్టింపు. ఆ రాత్రి నిద్రపట్టలేదు. ఇంతా చేసి ఆ డాక్టరు రాసిన మందు అడాపలీన్ జెల్. మందుల షాపులో దాని ధర విని కొనకుండా వెనక్కి వచ్చేశాను.

అసలు దారి నాకు లైబ్రరీలో నాతో పనిచేసే అమ్మాయి చూపించింది. మా యూనివర్సిటీలోనే విద్యార్థుల ఆరోగ్య కేంద్రం ఉంది. ఫీజుతో పాటు దానికి నేను డబ్బు అప్పటికే కట్టేశాను. చాలా యూనివర్సిటీల్లో ఇదే పద్ధతి. అక్కడి నర్సు నేను కోసిన ట్యూబును తెప్పించి, వెనకవైపు చిన్న అక్షరాలు చదివి, ఇందులో స్టెరాయిడ్ ఉందని చెప్పింది. మోమెటాసోన్, హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ మూడూ కలిపిన క్రీము అది. నల్లమచ్చలకు డాక్టరు పర్యవేక్షణలో కొద్ది వారాలు వాడాల్సిన దాన్ని నేను ఆరేళ్లు రాసుకున్నాను. స్టెరాయిడ్ ఎర్రదనాన్ని అణిచిపెడుతుంది కాబట్టి మొటిమ తగ్గినట్టు కనిపిస్తుంది. లోపల చర్మం పల్చబడుతుంది, నూగు పెరుగుతుంది, మానగానే అణిగి ఉన్నదంతా ఒక్కసారిగా పైకి వస్తుంది. 2018లో మన ప్రభుత్వం స్టెరాయిడ్ పూతమందులను చీటీ మీదే అమ్మాల్సిన జాబితాలో చేర్చింది. అయినా అడిగితే ఇచ్చే షాపులు ఉన్నాయని నీ ఉత్తరమే చెబుతోంది.

నీ ట్యూబు వెనక్కి తిప్పి చూడు. బీటామెథాసోన్, క్లోబెటాసోల్, మోమెటాసోన్, ఫ్లూసినోలోన్, వీటిలో ఏది కనిపించినా అది మొటిమల మందు కాదు. చాలాకాలంగా వాడుతున్నట్లయితే ఎలా మానాలో డాక్టరే చెప్పాలి. కొందరికి మెల్లగా తగ్గిస్తారు, కొందరికి మధ్యలో మాత్రలు ఇస్తారు. మానిన తరువాత కొన్ని వారాలు ముఖం ఇంకా పాడవుతుంది. అప్పుడు భయపడి మళ్లీ ఆ ట్యూబు పట్టుకునేవాళ్లే ఎక్కువ. నేను రెండుసార్లు పట్టుకున్నాను.

ఇక మొటిమల మందులు. ఆ మండుతున్న చర్మం మీద వెంటనే మొదలుపెట్టకు. నన్ను రెండు నెలలు సువాసన లేని ముఖం కడుక్కునే ద్రవం, మాయిశ్చరైజరు తప్ప ఏదీ ముట్టుకోవద్దన్నారు. ఏలూరు చెమటకు రోజుకు అయిదుసార్లు సబ్బుతో కడుక్కునే అలవాటు నాది. మిషిగన్ చలిలో, హీటరు గాలిలో, వేడినీళ్లతో అదే చేస్తే పెదవుల పక్కన చర్మం చీలింది. రోజుకు రెండుసార్లు, గోరువెచ్చని నీళ్లు చాలు. ముఖం జిడ్డుగా ఉంది కదా మాయిశ్చరైజరు ఎందుకని అడగకు, అది లేకపోతే మందును చర్మం తట్టుకోలేదు.

నీకు నాకంటే ఒక పెద్ద అదృష్టం ఉంది. నేను 240 డాలర్ల చీటీ పట్టుకుని కూడా కొనలేకపోయిన అడాపలీన్ 0.1 శాతం జెల్‌ను 2016 జులైలో ఇక్కడి మందుల నియంత్రణ సంస్థ అయిన ఎఫ్‌డీఏ చీటీ లేకుండా అమ్మడానికి అనుమతించింది. ఇప్పుడు టూత్‌పేస్టు పక్క అరలో దొరుకుతుంది. మొదట వచ్చిన బ్రాండు డిఫరిన్. అదే మందు షాపుల సొంత పేర్లతో తక్కువకు వస్తుంది. పెట్టె ముందువైపు బొమ్మ చూడకు, మందు పేరూ శాతమూ ఒకటే అయితే తక్కువ ధరది తీసుకో. రాత్రి ముఖం బాగా ఆరాక, మొత్తం ముఖానికి కలిపి బఠాణీ గింజంత. మొటిమ మీద చుక్క పెట్టడం కాదు, పలుచగా అంతటా. మొదట రెండు రోజులకు ఒకసారి, అలవాటు పడ్డాక ప్రతిరాత్రి. మొదటి నెలలో మొటిమలు పెరిగినట్టు అనిపిస్తుంది. ఎనిమిది నుంచి పన్నెండు వారాలు ఆగితే గానీ ఫలితం తెలియదు. మా ఊరి తెలుగు పిల్లల్లో ఇరవై మందికైనా షాపులో పక్కన నిలబడి నేనే ఇది కొనిపించాను. మూడో వారంలో మానేసి పాతిక డాలర్ల సీరం కొనుక్కున్నవాళ్లే మళ్లీ నా దగ్గరికి వచ్చారు. గర్భం ఉన్నా, ఆ ఆలోచన ఉన్నా ఇది వాడకూడదు.

ఎర్రగా, చీముతో వచ్చే వాటికి ఉదయం బెంజాయిల్ పెరాక్సైడ్. 10 శాతం కొంటే నాలుగు రెట్లు పనిచేస్తుందని నేను అనుకున్నాను. 2.5 శాతం దాదాపు అంతే పనిచేస్తుంది, మంట తక్కువ. బట్టల రంగు మాత్రం తినేస్తుంది. నెమలిరంగు దిండు గలీబు ఒకటి, అంచున అమ్మ తెల్లదారంతో మల్లెమొగ్గలు కుట్టి ఇచ్చింది. నాలుగు రోజుల్లో దాని మధ్యలో నా బుగ్గ ఆకారంలో నారింజరంగు మరక పడింది. ఎంత ఉతికినా పోలేదు. ఇప్పటికీ అల్మారాలో ఉంచుకున్నాను. తెల్ల తువ్వాలు, తెల్ల గలీబు కొనుక్కుని అప్పుడు మొదలుపెట్టు.

మన చర్మానికి మొటిమ కంటే అది వదిలిన నల్లమచ్చ పెద్ద బాధ. నెలల తరబడి పోదు. గిల్లితే ఇంకా ముదురుతుంది. ఎండను ఆపే శక్తిని చెప్పే అంకె, ఎస్పీఎఫ్, 30 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉన్న సన్‌స్క్రీన్ రోజూ రాసుకో, మంచు కురిసే రోజుల్లో కూడా. రంగు కలిపినది అయితే మచ్చలకు మరీ మంచిది. మచ్చలు మొండిగా ఉంటే 10 శాతం అజలాయిక్ యాసిడ్ కూడా చీటీ లేకుండా దొరుకుతుంది. నిమ్మరసం, టూత్‌పేస్టు ముఖానికి తాకనివ్వకు. సున్నిపిండి ఒంటికి రుద్దుకో, మొటిమల మీద రుద్దకు.

శనివారం రాత్రి తలకు కొబ్బరినూనె పట్టించి పడుకుంటావా? నేను పడుకునేదాన్ని. నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోట వరుసగా వచ్చిన పొక్కులు ఆ నూనె వల్లే. తలస్నానానికి గంట ముందు రాసుకుని, జుట్టు వెనక్కి కట్టుకో. అన్నీ ఒకే సైజులో ఉండి దురద పెడుతుంటే అవి మొటిమలు కాకపోవచ్చు, ఫంగస్ వల్ల వచ్చేవి కావచ్చు, దానికి మందు వేరు. నెలసరి తప్పుతూ, గడ్డం మీద వెంట్రుకలు గట్టిపడుతుంటే పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య సంగతి డాక్టరును అడుగు. పూతమందులకు డబ్బు పోసినా అది లొంగదు.

ఇదంతా కలిపి ముఖం కడుక్కునే ద్రవం, మాయిశ్చరైజరు, అడాపలీన్, సన్‌స్క్రీన్, నాలుగూ 60, 70 డాలర్లలో వస్తాయి. మూడు నెలలకు దగ్గర దగ్గర సరిపోతాయి. డాలరు 85 రూపాయలు దాటిన ఈ రోజుల్లో అది తక్కువ కాదని నాకు తెలుసు. కానీ నీ ఈడు పిల్లలు ఫోనులో చూసి తెప్పించుకుంటున్న పది సీసాల ముందు ఇది ఏ పాటి? ఒకేరోజు అన్నీ మొదలుపెట్టకు. మంట వస్తే ఏది కారణమో తెలియక అన్నీ పారేయాల్సి వస్తుంది, ఆ డబ్బూ పోతుంది. ఉద్యోగం వచ్చాక జీతంలోంచి పన్ను లేకుండా పక్కన పెట్టుకునే హెచ్ఎస్ఏ, ఎఫ్ఎస్ఏ ఖాతాల గురించి చెబుతారు. 2020 నుంచి చీటీ లేని మొటిమల మందులకు కూడా ఆ డబ్బు వాడుకోవచ్చు. అంతకుముందు నుంచే సన్‌స్క్రీన్‌కు కూడా. మా ఇంట్లో ఆ రశీదులన్నీ ఒక బిస్కెట్ల డబ్బాలో దాస్తాను.

లోతుగా గడ్డలు కట్టి గుంటలు పడుతుంటే మాత్రం ఇవేవీ చాలవు, స్కిన్ డాక్టరు దగ్గరికి ఆలస్యం చేయకుండా వెళ్లాలి. ఐసోట్రెటినాయిన్ మాత్రలు రాయవచ్చు. పుట్టబోయే బిడ్డకు ప్రమాదం కాబట్టి ఇక్కడ ఐప్లెడ్జ్ అనే నమోదు, ఆడపిల్లలకు నెలనెలా గర్భపరీక్ష తప్పనిసరి. నిబంధనలు ఐప్లెడ్జ్ సైటులోనే ఉంటాయి. ఆ మాత్రలను ఇంటినుంచి తెప్పించుకుని సొంతంగా మింగిన వాళ్లను చూశాను. నువ్వు ఆ పని చేయకు.

రేపు ఉదయం మీ యూనివర్సిటీ ఆరోగ్య కేంద్రానికి ఫోను చేయి. వెళ్లినరోజు నేను ఏమైనా కట్టాలా అని అడుగు. రక్తపరీక్ష రాస్తే ఆ ల్యాబు నా ఇన్సూరెన్సు జాబితాలో ఉన్నదేనా అని కూడా అడుగు, బయటి ల్యాబుకు పంపి బిల్లు విడిగా వేసే చోట్లు ఉన్నాయి. జవాబు చెప్పినవారి పేరు, తేదీ రాసి పెట్టుకో. వెళ్లేటప్పుడు ఆ ట్యూబును పెట్టెతో సహా తీసుకువెళ్లు.