హాలు ప్లాన్ ఖరారు చేసేముందు ఏం చూడాలి? తొమ్మిదేళ్లు తాళాలు మోసినవాడి మాట

ప్రజల కోసం ఒక హాలు, పక్కనే రీడింగ్ రూమ్, టాయిలెట్లు కట్టబోతున్నామని, ప్లాన్ చేతికొచ్చిందని, ఒప్పుకునేముందు ఏం చూసుకోవాలని అడిగారు. నేను ఇంజనీర్ని కాదు. అలాంటి హాలునే తొమ్మిదేళ్లు చూసుకున్నాను. తాళాలు, బుకింగులు, రిపేర్లు, తిట్లు అన్నీ నాకే. పిల్లర్ల లెక్కలు తెలిసినవాళ్లకి వదిలేసి, కట్టాక ఏళ్లతరబడి ఏడిపించే సంగతులు చెప్తాను.

ముందు తలుపులు. మా హాలుకి ముందు తలుపు కాక పక్కన ఇంకో రెండు దారులు ఉండేవి. ప్లాన్‌లో గీశారు, కట్టారు కూడా. అయితే కుర్చీలు పెట్టుకోవడానికి స్టోర్ రూమ్ ఎవరూ గీయలేదు. దాంతో మిగిలిన కుర్చీలన్నీ ఒక పక్క తలుపుకి ఆనించి పేర్చేవాళ్లం. రెండో తలుపు ఎప్పుడూ వేసే ఉండేది. ఒక సాయంత్రం కార్యక్రమం మధ్యలో కరెంటు పోయింది. మంటా లేదు, పొగా లేదు, వట్టి చీకటి. జనం లేచి, ఒకళ్లనొకళ్లు నెట్టుకుంటూ, వచ్చిన దారినే ముందు తలుపు వైపు కదిలారు. కొత్త చోట చీకటిపడితే ఎవరైనా తెలిసిన దారినే వెతుక్కుంటారు. నేను ఫోన్ లైటు వేసుకుని రెండో తలుపు దగ్గరికి పరిగెత్తాను. పై గడియ వచ్చింది. కింది గడియ దిగే రంధ్రం తుడిచిన నీళ్లతో, దుమ్ముతో నిండి తుప్పు పట్టిపోయింది, ఎంత లాగినా కదల్లేదు. చివరికి బయటినుంచి ఎవరో తెచ్చిన ఇటుకముక్కతో కొడితే గాని లేవలేదు. ఎవరికీ ఏమీ కాలేదు కాబట్టి మర్నాటికి అందరూ మర్చిపోయారు, నేను తప్ప.

ఇది కొత్త కథేం కాదు. 1883లో ఇంగ్లండ్‌లోని సండర్‌లాండ్‌లో విక్టోరియా హాలనే చోట ప్రదర్శన చివర్లో బహుమతులిస్తున్నారని పిల్లలు పైనుంచి మెట్ల మీదుగా కిందికి పరిగెత్తారు. మెట్ల అడుగున ఉన్న తలుపు లోపలివైపు తెరుచుకునే రకం. పైగా ఒక్కొక్కరే పట్టేంత సందు మాత్రం వదిలి గడియ వేసి ఉంచారు. 183 మంది పిల్లలు ఆ తొక్కిసలాటలో ఊపిరాడక పోయారు. లోపలినుంచి ఒంటితో నెడితే చాలు, తెరుచుకునే అడ్డకడ్డీ గడియకి 1892లో బ్రిటన్‌లోనే పేటెంటు వచ్చింది. మీ ప్లాన్‌లో బయటికి వెళ్లే ప్రతి తలుపూ బయటివైపే తెరుచుకోవాలి, దానికి ఆ అడ్డకడ్డీ ఉండాలి, కరెంటు పోయినా వెలిగే బ్యాటరీ లైటు దానిపైన ఉండాలి. కుర్చీలకి, బల్లలకి, మైకు సామానుకి వేరే గది ఉండాలి. ఆ గది లేకపోతే తలుపులెన్ని పెట్టినా ఏదో ఒకటి స్టోర్ రూమ్ అయి తీరుతుంది.

రెండోది టాయిలెట్లు. ఏ హాలుకైనా మంచిపేరు వచ్చినా చెడ్డపేరు వచ్చినా వీటి వల్లే. మా దగ్గర నీళ్లుపోయే జాలీ ఒక మూల, నేల వాలు ఇంకో మూలకి. తేడా రెండు వేళ్ల మందం కూడా ఉండదు. రోజూ పొద్దున్నే శుభ్రం చేసే ఆవిడ వైపర్ పట్టుకుని వాష్‌బేసిన్ కింద చేరిన నీళ్లని ఎదురు వాలుకి నెట్టుకుంటూ జాలీ దాకా తీసుకెళ్లేది. సగం వెనక్కి జారేవి, మళ్లీ నెట్టేది. తర్వాత నేల తవ్వి బాగుచేసేటప్పుడు, ఇంకేమైనా మార్చాలా అని ఆవిణ్ణే అడిగాను. బకెట్ పట్టేంత ఎత్తులో ఒక కుళాయి, మాపు ఉతకడానికి విడిగా ఒక తొట్టి, లోపలికెళ్లినవాళ్లు సంచి తగిలించుకోవడానికి కొక్కెం, గోడలో పైపులు దాచకుండా ప్లంబర్ చెయ్యి పట్టేంత సందు కావాలంది. వీటిలో ఒక్కటీ అసలు ప్లాన్‌లో లేదు. గీసినవాళ్లెవరూ మాపు పట్టి ఉండరు మరి.

మగవాళ్లకీ ఆడవాళ్లకీ సమానంగా చోటిచ్చాం అని ఎవరైనా అంటే నమ్మకండి. అంతే చోటులో మగవాళ్ల వైపు యూరినల్స్ కలిపితే ఎక్కువమంది పడతారు. ఆడవాళ్లకి సమయమూ ఎక్కువ పడుతుంది, చంటిపిల్లలూ చాలాసార్లు వాళ్లతోనే ఉంటారు. విరామం వచ్చిందంటే వరస ఎటువైపు ఉంటుందో మీరూ చూసే ఉంటారు. అటువైపు గదులు ఎక్కువ కావాలి. వీల్‌చైర్ వాళ్ల టాయిలెట్ తలుపు కూడా బయటికే తెరుచుకోవాలి. లోపల మనిషి పడిపోయి తలుపుకి అడ్డంగా ఉంటే, లోపలికి తెరుచుకునే తలుపుని నెట్టడం ఎవరివల్లా కాదు.

ర్యాంపు గురించి అందరికీ తెలిసిన లెక్క 1:12, అంటే అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు. 450 మిల్లీమీటర్ల అరుగు ఎక్కాలంటే 5.4 మీటర్ల ర్యాంపు పడుతుంది. బిల్డింగు హుందాగా కనబడాలని అరుగు ఎత్తు పెంచే ముచ్చట ఉంటే ఈ లెక్క ఒకసారి వేసి చూపించండి, ముచ్చట తీరిపోతుంది. మా ర్యాంపు వాలు సరిగానే ఉండేది, అది సరాసరి తలుపు దగ్గర ముగియడమే గొడవ. వీల్‌చైర్‌లో వచ్చినాయన ఒక చేత్తో వాలు మీద చక్రం జారకుండా పట్టుకుని, రెండో చేత్తో తలుపు తనవైపు లాగుకోవాలి. లాగితే ఆ తలుపు రెక్క ఆయన మోకాళ్లకే తగిలేది. పైన ఎత్తూపల్లం లేకుండా కనీసం ఒకటిన్నర మీటరు చదును ఉంటే ఆ బాధ లేదు.

మెట్లన్నీ ఒకే ఎత్తులో ఉండాలి. ఒక్కటి తేడా వచ్చినా అక్కడే తూలతారు.

కెమెరాల మీద నాకు పెద్ద గురి లేదు. జరిగింది తర్వాత చూపిస్తాయి, అంతే. టాయిలెట్లకి వెళ్లే దారి బిల్డింగు వెనక మూలకి నెట్టకుండా రీడింగ్ రూమ్ కిటికీలకి ఎదురుగా, మంచి వెలుతురులో పెట్టండి. నలుగురి కళ్లు పడే దారిలో ఆడపిల్లలు ఒంటరిగా వెళ్లిరావడానికి జంకరు.

చివరిగా ఒక పని చేసి చూడండి. పునాది తవ్వేముందు ప్లాన్ మొత్తాన్ని ఆ నేల మీదే సున్నంతో అసలు కొలతల్లో గీయించండి. ఒక వీల్‌చైర్ తెప్పించి, ఒక పెద్దావిణ్ణి, చంటిబిడ్డ తల్లిని, రోజూ తుడిచే మనిషిని పిలిచి ఆ గీతల మధ్య నడిపించండి. మేం రీడింగ్ రూమ్ కొత్తగా కట్టినప్పుడు అలాగే చేశాం. టాయిలెట్ మలుపు దగ్గర వీల్‌చైర్ తిరగలేదు. మేస్త్రీ కాలితో ఆ సున్నం గీత చెరిపేసి, జానెడు పక్కకి ఇంకోటి గీశాడు. ఇంతకీ, మీ ప్లాన్‌లో స్టోర్ రూమ్ ఉందా?