హైడ్రోమీటర్ బానే ఉందంటోంది, వోల్టేజ్ మాత్రం ఎక్కుతోంది

ప్రశ్న: మాది సల్ఫ్యూరిక్ యాసిడ్ అనోడైజింగ్ ట్యాంక్ సార్, అల్యూమినియం ముక్కల మీద కరెంట్‌తో ఆక్సైడ్ పొర ఎక్కిస్తాం. ద్రావణం సాంద్రత చూపే హైడ్రోమీటర్ రీడింగ్ ఎప్పట్లాగే ఉంది కానీ అదే కరెంట్‌కి వోల్టేజ్ పెంచాల్సొస్తోంది, డై కూడా ఒక్కో ముక్కకి ఒక్కోలా పడుతోంది. అల్యూమినియం బాగా కరిగిపోయిందేమో అంటున్నారు. పెద్ద మెషిన్లు లేకుండా ఎంతుందో తెలుస్తుందా?

జవాబు: తెలుస్తుందండీ, బ్యూరెట్ (ఎన్ని ఎం.ఎల్. పోశామో గీతల్లో చూపే గొట్టం) ఉంటే చాలు. ముందు ఆ హైడ్రోమీటర్‌ని నమ్మడం మానేయండి, యాసిడ్ తగ్గి దాని చోట కరిగిన అల్యూమినియం చేరినా అది పాత రీడింగే చూపిస్తుంది, దానికి బరువు తప్ప ఇంకేం తెలీదు కదా.

బాత్‌లోంచి, అంటే ట్యాంక్‌లోని ద్రావణంలోంచి, 5 ఎం.ఎల్. చొప్పున రెండు శాంపిళ్లు తీసి ఒక్కోదాంట్లో 100 ఎం.ఎల్. దాకా డిస్టిల్డ్ వాటర్, రెండు చుక్కల ఫినాల్ఫ్తలీన్ (క్షారంలో గులాబీ రంగుకి తిరిగే సూచిక) వేయండి. మొదటిదాంట్లో ఓ 2 గ్రాముల పొటాషియం ఫ్లోరైడ్ కలపండి, అది అల్యూమినియాన్ని కట్టిపడేస్తుంది కాబట్టి 1 నార్మల్ (లీటరుకి 40 గ్రాముల) కాస్టిక్ సోడా ద్రావణం బ్యూరెట్‌తో పోస్తే దాన్ని ఫ్రీ యాసిడ్, అంటే అల్యూమినియంతో కలవకుండా మిగిలిన యాసిడ్, ఒక్కటే తింటుంది. రెండోదాంట్లో ఫ్లోరైడ్ వద్దు, అక్కడ అల్యూమినియం కూడా కాస్టిక్ తింటుంది. గులాబీ రంగు నిలిచేదాకా పోయాలి, రెండోదాంట్లో తెల్లగా విరిగి రంగు వచ్చి పోతుంటుంది, కంగారు పడకుండా ఆగి ఆగి పోయండి.

ఉదాహరణకి మొదటిది 17 ఎం.ఎల్., రెండోది 27 వచ్చాయనుకోండి. 17ని 9.8తో గుణిస్తే లీటరుకి 167 గ్రాముల దాకా ఫ్రీ యాసిడ్. తేడా 10, దాన్ని 1.8తో గుణిస్తే 18 గ్రాముల అల్యూమినియం. మామూలుగా 5 నుంచి 15 మధ్య ఉంచుకుంటారు, 20 దగ్గరికొస్తే మీరు చెప్పిన తిప్పలే.

చాలామంది తప్పు చేసేది ఫ్లోరైడ్ దగ్గరే. తక్కువేస్తే అల్యూమినియం తక్కువ చూపిస్తుంది, ఫ్లోరైడే కాస్త క్షార గుణంతో ఉంటే ఎక్కువ చూపిస్తుంది, అందుకే వట్టి నీళ్లలో కలిపి ఫినాల్ఫ్తలీన్‌తో ఓసారి చూసుకోండి. ఇంకోటి, యాసిడ్‌లో ఫ్లోరైడ్ పడితే హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ తయారవుతుంది, అది చాలా ప్రమాదం, గాజునీ తినేస్తుంది. ప్లాస్టిక్ బీకరు, గ్లవ్స్, కళ్లద్దాలు, గాలి లాగే ఫ్యాన్ లేకుండా మాత్రం మొదలుపెట్టకండి.

18 వస్తే సగం బాత్ తీసేసి నీళ్లు, యాసిడ్ నింపితే 9కి దిగుతుంది, నింపేటప్పుడు ముందు నీళ్లు ఆ తర్వాతే యాసిడ్. మొత్తం పారబోయకండి, అల్యూమినియం అసలే లేని కొత్త బాత్ మొదట్లో సరిగ్గా పనిచేయదు, కొంచెం పాతది ఉండాల్సిందే.