ఏ మద్ది?

తమ్మీ,

సిరొంచ నుంచి నువ్వు పంపిన కథ రెండుసార్లు చదివాను. చంద్రపూర్ నుంచి వచ్చిన కొత్త మరాఠీ కోడలిని అత్త కరివేపాకు తెమ్మంటే వేపాకు కోసుకొచ్చే చోట గట్టిగా నవ్వాను. వెంటనే నువ్వు నాలుగు వాక్యాల వివరణ పెట్టావు. నవ్వు అక్కడే చచ్చింది. అది కొట్టెయ్యి.

ఆ పిల్ల తప్పేం లేదు. వేపకీ కరివేపకీ ఆకుల పోలికే తప్ప కుటుంబం ఒకటి కాదు. కరివేపది నిమ్మ, నారింజల కుటుంబం. మనవాళ్లు నలుపు చూసి ‘కరి’ అన్నారంటారు. మరాఠీవాళ్లు నాలుకతో పేరు పెట్టారు: వేప కడునింబ్, అంటే చేదుది. కరివేప గోడ్‌నింబ్, అంటే తియ్యనిది (మన ఇంటి గోడ కాదులే). మజ్జిగ పులుసు లాంటి కఢీలో వేస్తారని కఢీనింబ్ అని కూడా అంటారు. ఆ కోడలు మనసులో ఈ మాటే మెదలాలి కదా! నువ్వేమో అక్కడ కూడా కరివేపాకే పెట్టావు.

మద్ది చెట్టు దగ్గర నేనే బోల్తా పడ్డాను. ఒక మరాఠీ కథను తెలుగు చేస్తూ, ఇంటి దూలానికి కొట్టిన ‘ఐన్’ చెట్టును ఉత్త ‘మద్ది’ అని రాసి ఊరుకున్నాను. అడవి పనిలోనే ముసలైపోయిన ఒకాయనకు చదివి వినిపిస్తే, ‘ఏ మద్ది? తెల్లదా, నల్లదా?’ అన్నాడు. నోట మాట రాలేదు. ఐన్ అంటే నల్లమద్ది, బెరడు మొసలి తోలులా పగిలి ఉంటుంది. అర్జున్ అంటే తెల్లమద్ది, బెరడు నున్నన. ప్రాణహిత ఒడ్డున చూసే ఉంటావు, ఏరుమద్ది అనేది దాన్నే. ఐన్, అర్జున్ అని వింటే ఇవి అక్కాచెల్లెళ్లని ఎవరికీ తట్టదు. తెలుగు పేరు వినగానే తెలిసిపోతుంది. దసలిపట్టు పురుగుకీ ఆ సంగతి తెలుసు, రెండు చెట్ల ఆకూ తింటుంది.

సీమచింతని మరాఠీవాళ్లు విలాయతీ చించ్ అంటారు. బయటి నుంచి వచ్చిన చెట్టని ఇద్దరూ గుర్తుపెట్టుకున్నారు.

ఇక నీ కథలోని మరాఠీ మాస్టారు చింతచెట్టు కింద కూర్చుని, ‘నా చింత దీనికేం తెలుసు’ అంటాడే, అది కుదరదు. ఆయన భాషలో చెట్టు చించ్, దిగులు చింతా. శ్లేష మనకే కలిసొచ్చింది. ఆ మాట కథలోని తెలుగు అవ్వ నోట పెట్టు. ఆమె అయితే ‘చింత చచ్చినా పులుపు చావలేదు’ అని తన మీదే ఒక విసురు కూడా విసురుతుంది. మాస్టారికి వేరే చెట్టు వెతుకుదాం.