దుప్పి దాటినంక బ్రేకు వదలకు

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

వంపు హ్యాండిలున్న కొత్త రోడ్డు సైకిల్ కొన్నావనీ, హనుమకొండ నుంచి తాడ్వాయి మీదుగా ఏటూరునాగారం దాకా తొక్కాలని చూస్తున్నావనీ మీ అమ్మ చెప్పింది. పోవద్దని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. పస్రా ఊరు దాటినంక ఆ టేకు చెట్ల నడుమ తొక్కినంత హాయి మన దగ్గర ఇంకే తొవ్వలోనూ దొరకదు. కాకపోతే 163వ నంబరు జాతీయ రహదారి అక్కడ అభయారణ్యం లోపలి నుంచే పోతుంది. దుప్పులు, అడవిపందులు, ఎలుగులు రోడ్డు దాటుతుంటాయి. మోటారు బండి చప్పుడు దూరం నుంచే వినబడుతుంది కాబట్టి జంతువు ముందే తప్పుకుంటుంది. సైకిల్‌కు చప్పుడుండదు. నువ్వు పదిహేను ఇరవై గజాల్లోకి వచ్చిందాకా దానికి తెలియదు, తెలిసినంక బెదిరి ఎటు దూకేదీ చెప్పలేం.

అన్నిటికన్నా ముందు దుప్పి సంగతి చెబుతాను. చుక్కల దుప్పి మన రాష్ట్ర జంతువు. ఎప్పుడూ మందలోనే ఉంటుంది, ఒంటరిగా తిరిగేది తక్కువ. నీ ముందు నుంచి ఒకటి ఎగిరి అటు పక్కకు పోయిందనుకో, చాలామంది "అమ్మయ్య" అని బ్రేకు వదిలి మళ్లీ పెడలు తొక్కుతారు. దెబ్బ తగిలేది అక్కడే. మొదటిది దాటితే మిగతావి దాని వెంటే ఉరుకుతాయి. మంద రెండుగా విడిపోతే వాటికి బెంగ, మధ్యలో నువ్వున్నావని కూడా ఆగవు. అందుకే ఒక దుప్పి కనిపించగానే బ్రేకు పట్టు, అది దాటినంక కూడా వదలకు. కళ్లు దాని వెంట పోనీయకు, అది వచ్చిన పొద వైపే పెట్టు. పూర్తిగా ఆగి, ఎడమ కాలు కింద పెట్టి, నిమ్మళంగా ముప్పై లెక్కపెట్టు. ఏదీ రాకపోతే అప్పుడు కదులు.

రోడ్డు పక్కన నిలబడ్డ దుప్పి దాటుతుందా, మేస్తూ ఉండిపోతుందా అన్నది దాని ఒంటి మీదే కనబడుతుంది. తల దించి గడ్డి కొరుకుతుంటే నీ సంగతి ఇంకా తెలియదన్నమాట, మెల్లగా మాట్లాడుతూ తెలియనివ్వు. మెడ నిక్కబొడుచుకొని, చెవులు రెండూ నీ వైపు తిప్పి, ముందు కాలు ఎత్తి నేల మీద తపతప కొడుతుంటే అది నిన్ను చూసింది, ఏం చేయాలో తేల్చుకోలేదు. తోక పైకి లేచి అడుగున తెల్లగా కనబడ్డదంటే ఇక అర సెకనులో దూకుతుంది. ఆ తెలుపు కనిపించినప్పుడు నీ వేగం గంటకు ఇరవై కిలోమీటర్ల కన్నా ఎక్కువ ఉండకూడదు. చెట్ల మీద కొండముచ్చులుంటే కింద దుప్పులున్నాయేమో చూడు. అవి రాల్చిన ఆకులూ కాయలూ తినడానికి దుప్పులు ఆ చెట్ల కిందికే చేరుతాయి. కొండముచ్చు ఖక్ ఖక్‌మని దగ్గినట్టు అరుస్తున్నా, దుప్పి సన్నగా కీచుమంటున్నా చిరుతలాంటిదేదో వాటి కంటబడిందని అనుకోవాలి. అప్పుడు మంద కళ్లు మూసుకొని ఉరుకుతుంది. నువ్వు ముందుకు పోకు.

వేగం లెక్క ఒకసారి మనసులో పెట్టుకో. పొడి రోడ్డు, మంచి బ్రేకులు, చూసి చెయ్యి బిగించడానికి ఒక సెకను. 20 కిలోమీటర్ల వేగంలో ఆగడానికి సుమారు 9 మీటర్లు పడుతుంది, అంటే ఆర్టీసీ బస్సు పొడవు కన్నా కొంచెం తక్కువ. 30లో 15 మీటర్లు. 40లో 24 మీటర్లు, రెండు బస్సుల పొడవు దాటిపోతుంది. వానాకాలం తర్వాత పొదలు తారు అంచు దాకా పెరిగి, మలుపులో ఇరవై మీటర్లు కూడా కనబడవు. 40లో వస్తే ఎంత మంచి బ్రేకులున్నా అక్కడ ఆగలేవు. కనిపించినంత దూరంలో ఆగగలిగే వేగమే అడవిలో నీ వేగం.

బ్రేకు పట్టే తీరు కూడా ఉంది. చేతులు హ్యాండిల్ కింది వంపులో ఉంటే లివరు మీద బలం బాగా దొరుకుతుంది. పెడళ్లు రెండూ సమంగా ఉంచి, నడుం సీటు వెనక్కి జరిపి, మోచేతులు బిగబట్టి, రెండు బ్రేకులూ కలిపి పట్టు. ఆపేది ఎక్కువగా ముందు బ్రేకే. కానీ దాన్ని ఒక్కసారిగా నొక్కితే వెనక చక్రం లేచి నువ్వు హ్యాండిల్ మీదుగా పడతావు, అందుకే క్రమంగా బిగించాలి. వెనక చక్రం జారుతున్నట్టు అనిపిస్తే వెనక బ్రేకు కొంచెం సడలించు. చక్రం అంచును పట్టే రిమ్ము బ్రేకులైతే వానలో మొదటి రెండు మూడు చుట్లు నీళ్లు తుడవడానికే సరిపోతాయి, కాబట్టి మలుపుకు ముందే తేలిగ్గా ఆనించి ఉంచు. ఏటూరునాగారం వైపు ఇసుక లారీలు తిరుగుతాయి, రోడ్డు అంచున రాలిన ఇసుక మీద మాత్రం గట్టిగా బ్రేకు పట్టకు. టైర్లు 28 మిల్లీమీటర్లవి అయితే నీ బరువుకు గాలి ఒత్తిడి 70 నుంచి 80 పీఎస్ఐ చాలు. వంద దాటించి రాయిలా నింపుకుంటే బ్రేకు పట్టినప్పుడు ఎగిరెగిరి జారుతుంది.

తప్పించుకోవాలని హ్యాండిల్ ఒక్కసారిగా తిప్పేసి రోడ్డు మధ్యలోకి పోకు. దుప్పి తగిలితే గీరుకుపోతావు, బొక్క విరుగుతుంది. ఎదురొచ్చే లారీ తగిలితే చెప్పడానికి ఏమీ మిగలదు. నీ గీతలోనే ఉండి వేగం చంపు. నలుగురు కలిసి పోతుంటే పస్రా నుంచి ఒకరి వెనక ఒకరు అంటుకొని తొక్కడం ఆపేయండి. ఇద్దరి నడుమ నాలుగు సైకిళ్ల పొడవు ఖాళీ ఉండాలి. ముందున్నవాడు చెయ్యెత్తి "దుప్పీ!" అని అరవాలి. దుప్పి ఒకర్ని తగిలితే పడేది ఒకరు, అంటుకొని పోతే నలుగురూ పడతారు. వెనక నుంచి బండి వస్తుంటే వాళ్లకు కూడా చెయ్యి ఊపి ఆపు.

పొద్దు సంగతి. దుప్పులు, పందులు ఎక్కువగా తిరిగేది పొద్దుపొడుపుకు గంట అటు ఇటు, మళ్లీ పొద్దుగూకేటప్పుడు. తెల్లవారుజామున నాలుగున్నరకు హనుమకొండలో బయలుదేరితే పస్రా సుమారు 70 కిలోమీటర్లు, ములుగులో చాయ తాగి పోయినా ఎనిమిదికి చేరతావు. అప్పటికి ఎండ వచ్చి అడవి సద్దుమణుగుతుంది, బాగుంటుంది. అదే నాలుగున్నరకు నర్సంపేట మీదుగా పాకాల అడవికి పోయావనుకో, ఆరున్నర, ఏడింటికే అడవిలో ఉంటావు. చలికాలంలో అప్పటికి పొద్దు సరిగా పొడవనే పొడవదు. పాకాలకైతే ఐదున్నర తర్వాత బయలుదేరు. తిరుగు ప్రయాణంలో తాడ్వాయి నుంచి మధ్యాహ్నం మూడింటికల్లా కదలాలి. ఆలస్యమైతే సైకిల్ బస్సు మీద వేయించుకొని రా, అందులో నామోషీ ఏం లేదు.

ములుగు దాకా చేన్ల మధ్య చీకట్లో భయపడాల్సింది అడవిపందికి. మక్క చేను కంకి పట్టిన రోజుల్లో మరీ ఎక్కువ. నల్ల తారు మీద నల్ల పంది, అదీ తొడెత్తే, లైటు వెలుగులో దగ్గరికొచ్చిందాకా కనబడదు. ముందు చక్రం కింద పడితే నేరుగా బోర్లా పడతావు. కనీసం 400 ల్యూమెన్ల వెలుగిచ్చే లైటు పెట్టుకొని, చీకట్లో 20 దాటకు. తల్లి వెనక పిల్లలు వరుసగా వస్తాయి, వాటి నడుమ దూరకు.

ఇంకొకటి, ఇది మరచిపోవద్దు. పందుల కోసం కొందరు చేను చుట్టూ దొంగతనంగా కరెంటు తీగలు పెడతారు, అడవి అంచున ఉచ్చులు బిగిస్తారు. మనుషులు కూడా వాటికి తగిలి చచ్చిపోయారు. ఒంటికి పోవాలన్నా, ఫొటో తీయాలన్నా వెలుతురు రాకముందు రోడ్డు దిగి చేన్లోకి గాని, పొదల్లోకి గాని అడుగు పెట్టకు.

మార్చి, ఏప్రిల్‌లలో ఇప్పపువ్వు రాలుతుంది, ఆ వెనకే తునికి పండ్లు. ఆ చెట్ల కింద గుడ్డెలుగు ఉండొచ్చు. దాని చూపు అంత బాగుండదు, వాసన బాగా పడుతుంది. తిండి మీద తల వంచుకొని ఉన్నప్పుడు నువ్వు చప్పుడు లేకుండా మీదికి పోతే ఉలిక్కిపడి ఎగబడుతుంది. అందుకే ఆ కాలంలో మలుపులకు ముందు గంట కొట్టు, గట్టిగా మాట్లాడు, పాట పాడినా మంచిదే. చెవుల్లో ఇయర్‌ఫోన్లు అసలే వద్దు. వంద మీటర్ల దూరంలో ఎలుగు కనబడితే ఆగి, అది పోయినంక ఐదు నిమిషాలు ఆగు, వెనక పిల్లలుండొచ్చు. దగ్గరగా ఎదురైతే అరవకు, ఉరకకు. సైకిల్ నీకూ దానికీ మధ్య అడ్డం పెట్టుకొని, ముఖం దాని వైపే ఉంచి మెల్లగా వెనక్కి నడువు. మీద పడితే మాత్రం బోర్లా పడుకొని, మెడ వెనక రెండు చేతులూ ముడేసుకో. హెల్మెట్ తీయకు. పులి తిరుగుతోందని ఫారెస్టు వాళ్లు చెప్పిన రోజు ఆ తొవ్వకే పోకు.

కోతులకు ఏమీ పెట్టకు. అరటిపండు జెర్సీ వెనక జేబులో బయటికి కనబడితే అవే దగ్గరికొస్తాయి. అడవిలో ఆగి తినకు, పస్రా సెంటర్లోనో తాడ్వాయిలోనో తిను. కోతి గీరినా, కుక్క కరిచినా అక్కడికక్కడే సబ్బుతో, పారే నీళ్లతో పదిహేను నిమిషాలు కడగాలి. చిన్న సబ్బు ముక్క సీటు కింది సంచిలో వేసుకో. అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి పోతే రేబిస్ టీకా వేస్తారు. మొదలుపెట్టిన రోజు ఒకటి, ఆ తర్వాత 3వ, 7వ, 28వ రోజు. నెత్తురు వచ్చిన గాయమైతే రేబిస్‌ను వెంటనే అడ్డుకొనే మందు ఇమ్యునోగ్లోబ్యులిన్ సంగతి కూడా అడుగు. ఊరికుక్క వెంటపడితే దిగి, సైకిల్ అడ్డం పెట్టి నిలబడితే చాలావరకు ఆగిపోతుంది.

నెమలి గురించి ఎవరూ చెప్పరు. అది బరువుగా, ఆలస్యంగా లేస్తుంది, లేచేటప్పుడు సరిగ్గా ఛాతీ ఎత్తులో ఉంటుంది. రోడ్డు పక్కన కనబడితే లేచిపోయిందాకా నెమ్మదించు.

ఒకవేళ దుప్పి తగిలి పడ్డావనుకో. ముందు రోడ్డు మీద నుంచి పక్కకు జరుగు, తలకు తగిలితే లేవకుండా 108కు ఫోన్ చేయించు. దెబ్బ తిన్న దుప్పి దగ్గరికి పోకు, నీళ్లు తాగిద్దామని కూడా పోకు. భయంతో కాళ్లు విసురుతుంది, డెక్కలు కోస్తాయి, మగదైతే కొమ్ములు పొడుస్తాయి. ఫారెస్టు చెక్‌పోస్టులో చెప్పు. అది చచ్చినా ముట్టుకోవద్దు. 1972 వన్యప్రాణి చట్టం కింద ఇంటికి తీసుకుపోవడం నేరం. తొవ్వలో ఎవరు తీసుకుపొమ్మన్నా వినకు. సైకిల్ ఎక్కేముందు ముందు చక్రం తిప్పి చూడు, ఆ చక్రాన్ని పట్టే ఫోర్కు మీద వేళ్లు నడిపి పగులు ఉందేమో తడుము. కార్బన్ ఫోర్కు పగిలితే ఇక తొక్కకు. వెనక గేరు పట్టే కొక్కెం లోపలికి వంగితే పెద్ద పళ్ల చక్రం మీదికి గేరు మార్చకు, చువ్వల్లో ఇరుక్కుంటుంది.

పోయే ముందు ఒక పని చెయ్యి. ఈ ఆదివారం పొద్దున బండ్లు లేని రోడ్డు చూసి అడ్డంగా సుద్దగీత గియ్యి. 20లో వచ్చి గీత దగ్గర బ్రేకు పట్టు, తర్వాత 30లో, ఒక్కోటి ఐదేసి సార్లు. ఎన్ని అడుగుల్లో ఆగావో కాగితం మీద రాసుకొని నాకు పంపు. అవి చూసినంక తాడ్వాయికి ఎప్పుడు పోవాలో మాట్లాడుకుందాం.

మీ మామ